ఆయన ఆఫీసు దూరం, నాది దగ్గర. అందుకని ఇల్లంతా నా మీదేనా?

సంధ్యారాగం
నిన్న రాత్రి ఇంట్లో పెద్ద గొడవైంది. ఎవరికైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

ఇద్దరం ఉద్యోగస్తులమే. పాపకి ఐదేళ్ళు. మూడేళ్ళ కిందట ఊరి చివర ఇల్లు కొన్నాం. ఆఫీసులకి దగ్గర్లో ఆ డబ్బుకి రెండు గదులు కూడా వచ్చేవి కావు. ఇక్కడ మూడు గదులు, బోలెడు వెలుతురు, బాల్కనీ ముందు చెట్లు. చూడ్డానికి ఆదివారం పొద్దున వెళ్ళాం, 40 నిమిషాల్లో చేరిపోయాం. "ఓస్, ఇంతేనా" అనుకున్నాం ఇద్దరం. ఆ ఆదివారం లెక్కతోనే ఇరవయ్యేళ్ళ ఈఎంఐ మీద సంతకాలు పెట్టేశాం.

ఆయన ఆఫీసు ఊరికి అటు కొసన. కారులో వెళ్ళడానికి గంటా ఇరవై, రావడానికి గంటన్నర నుంచి రెండు గంటలు. నాకు కొంత రైలు, కొంత బస్సు, మొత్తం 50 నిమిషాలు. పాప డేకేర్ సాయంత్రం 6:30కి మూసేస్తారు. కాబట్టి నేను 5:10కి లేవాలి. ఐదింటికి మొదలైన మీటింగులోంచి పది నిమిషాలకే తలుపు చప్పుడు కాకుండా బయటికి రావడం నాకు బాగా అలవాటైపోయింది. ఈ ఏడు టీమ్ లీడ్ ఖాళీ వస్తే నేను పేరే ఇవ్వలేదు. ఏడింటిదాకా ఉండమంటారేమోనని నాకు నేనే వెనక్కి తగ్గాను.

నిన్న రైలు రెండు స్టేషన్ల మధ్య 40 నిమిషాలు ఆగిపోయింది. ఆయనకి ఫోన్ చేస్తే "నేను ఫ్లైఓవర్ మీద ఇరుక్కున్నా, నువ్వే కదా దగ్గర" అన్నారు. ఆగిన రైల్లోంచి దూకి వెళ్ళలేను కదా. 7:10కి చేరాను. ఆయా ఒక్కతే ఉంది. పాప చెప్పులు వేసుకుని, బ్యాగు రెండు భుజాలకీ తగిలించుకుని గేటు దగ్గర కుర్చీ అంచున కూర్చుంది. బ్యాగు తీసి కూర్చో తల్లీ అంటే వినలేదట. "అమ్మ వచ్చేస్తే మళ్ళీ వేసుకోవాలి కదా" అందట. ఆరున్నర నుంచి అలాగే.

రాత్రి ఆయన వచ్చాక మళ్ళీ అదే మాట, "నువ్వు దగ్గర కదా". ఈ ఇంట్లో ఆ మాట ఇంకోసారి వినపడకూడదన్నాను. తర్వాత ఇద్దరం చాలా అనుకున్నాం. అవన్నీ ఇక్కడ రాయలేను.

ఇల్లు అమ్మేద్దామా, ఆయన్ని ఉద్యోగం మారమనాలా, నేను మానెయ్యాలా? ఇలాంటిది దాటొచ్చినవాళ్ళుంటే చెప్పండి.

కిటికీసీటు
ఆ బ్యాగు దగ్గర ఆగిపోయానండీ. మిగతాది చదవడానికి కాస్త టైమ్ పట్టింది.

బాటసారి
మీ బాధ అర్థమైంది గానీ ఆయన్ని కూడా మరీ అనడానికి లేదు. రోజుకి మూడు గంటలపైన స్టీరింగ్ పట్టుకుని, క్లచ్ తొక్కుతూ, హారన్ల మధ్య కూర్చోవడం చిన్న విషయం కాదు. మీరు కనీసం రైల్లో కూర్చుని వస్తారు.

మూడోబోగీ
సాయంత్రం ఐదున్నర రైలు ఎప్పుడైనా ఎక్కారా బ్రదర్? కూర్చోవడం దేవుడెరుగు, రెండు కాళ్ళూ ఒకేసారి నేలమీద ఆనితే ఆ రోజు అదృష్టమే. చేతిలో ఫోన్, కళ్ళు గడియారం మీద, మనసు డేకేర్ గేటు దగ్గర. దాన్ని విశ్రాంతి అనకండి.

బాటసారి
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నేను ఎక్కేది పొద్దున ఆరింటి రైలు, అందుకే అలా అనేశాను.

లెక్కలమాస్టారు
సంధ్యారాగం గారూ, ఇళ్ళు కొనేటప్పుడు అందరూ చేసే పొరపాటే మీరూ చేశారు. దూరాన్ని కిలోమీటర్లలోనో, మంచి రోజున పట్టిన నిమిషాల్లోనో కొలుస్తాం. అసలు కొలవాల్సింది చెడ్డ రోజున ఎంత పడుతుందన్నది.

మీది 50 నిమిషాల దారి. పదింటిలో ఒక రోజు 80 పడుతుందనుకోండి. 6:30కి కచ్చితంగా గేటు దగ్గర ఉండాల్సిన మనిషి రోజూ ఆ 80ని దృష్టిలో పెట్టుకునే బయల్దేరాలి. డేకేర్ గడియారానికి సగటుతో పనిలేదు. మీరు 5:10కే లేవడం అందుకే. ఆలస్యమైనా ఎవరూ అడగని మనిషికి, ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడని మనిషికి ఒకే 50 నిమిషాలు ఒకేలా ఉండవు. మీ ఇద్దరిలో గడువున్న ప్రయాణం మీది. ఆయనది పొడుగే, కానీ అటు కొసన ఆయన కోసం తాళం వేసే గేటు లేదు.

ఇంకో సంగతి. స్టుట్జర్, ఫ్రే అని ఇద్దరు స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల వివరాలు ఏళ్ళ తరబడి చూసి 2008లో ఒక వ్యాసం అచ్చేశారు. ప్రయాణం పొడుగైతే దానికి బదులుగా మంచి ఇల్లో, మంచి జీతమో దక్కుతుంది కాబట్టి మనిషి సంతోషంలో తేడా రాకూడదు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. వాళ్ళ లెక్కల్లో మాత్రం దారి పొడుగయ్యేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గింది. మూడో గదికి మనం నెల తిరక్కుండానే అలవాటు పడిపోతాం. రోజుకో రకంగా ఉండే ట్రాఫిక్‌కి మాత్రం ఎన్నేళ్ళయినా అలవాటు పడలేం. నాకు తోచిన కారణం అది.

కొత్తకాపురం
వచ్చే వారం ఊరి చివర ఫ్లాటుకి టోకెన్ అడ్వాన్స్ ఇవ్వాలి మేము. ఇది చదివాక చెయ్యి ఆడటంలేదు.

లెక్కలమాస్టారు
@కొత్తకాపురం, ఇచ్చేముందు ఒక సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ఫ్లాటు ముందు నుంచి బయల్దేరి మీ ఆఫీసుకి వెళ్ళండి. సాయంత్రం ఆరింటికి అక్కడి నుంచి తిరిగి ఫ్లాటుకి రండి. మీ ఆవిడ కూడా తన దారిన విడిగా అదే చెయ్యాలి. వానపడే రోజైతే మరీ మంచిది.

గంపెడాశ
అటువైపు కొత్త రోడ్డు వస్తోందా ఏమైనా? వస్తే మూడు నాలుగేళ్ళలో సర్దుకుంటుంది. అంతవరకు ఓపిక పట్టడమే.

లెక్కలమాస్టారు
రోడ్డు వచ్చాక దాని పక్కన ఇళ్ళు కూడా వస్తాయి కదండీ. డ్యురాంటన్, టర్నర్ అనేవాళ్ళు అమెరికా పెద్ద రహదారుల మీద 2011లో చూపించింది ఇదే, రోడ్డు ఎంత శాతం పెరిగితే దాని మీద బళ్ళ తిరుగుడు దాదాపు అంతే పెరుగుతుంది. మార్కెట్టి అనే ఇటలీ శాస్త్రవేత్త 1994లో ఇంకో మాటన్నారు. ఏ కాలంలోనైనా మనిషి ప్రయాణానికి రోజుకి సుమారు గంట కేటాయిస్తాడట. నడిచే రోజుల్లో గంటలో వెళ్ళొచ్చేంత ఊరు, బండి వచ్చాక గంటలో వెళ్ళొచ్చేంత ఊరు. వేగం పెరిగితే మిగిలే టైమ్‌ని ఇంట్లో గడపం, ఇంకాస్త దూరం వెళ్ళి ఇల్లు కట్టుకుంటాం. ఈ దంపతులిద్దరూ ఆ గంట ఎప్పుడో దాటిపోయారు.

పొద్దుపొడుపు
స్వీడన్‌లో ఒక పరిశోధన వచ్చింది, దూరం ప్రయాణాలు చేసే జంటల్లో 40 శాతం విడిపోతున్నారట. జాగ్రత్త సంధ్యా గారూ.

మూడోబోగీ
అసలే నిద్ర పట్టని మనిషిని ఇంకా భయపెట్టకండి దయచేసి. ఆ లెక్క అలా చదవకూడదు. అది ఉమియో విశ్వవిద్యాలయంలో ఎరికా సాండో 2011లో ఇచ్చిన సిద్ధాంత గ్రంథం. ఒకవైపుకే 45 నిమిషాలు అంతకంటే ఎక్కువ పట్టేవాళ్ళు విడిపోయే అవకాశం మిగతావాళ్ళకంటే 40 శాతం ఎక్కువ అంది. నూటికి పది జంటలు విడిపోయే చోట పద్నాలుగు అవుతాయన్నమాట. మిగతా 86 జంటలు కలిసే ఉన్నాయి. ఇంకోటి, మొదటి కొన్నేళ్ళే గడ్డుకాలమని, తట్టుకుని నిలబడ్డవాళ్ళలో తర్వాత ఆ ముప్పు తగ్గిందని కూడా అందులోనే ఉంది.

పొద్దుపొడుపు
ఫార్వర్డ్‌లో వచ్చింది చదివి పెట్టేశాను. సరిచేసినందుకు థాంక్స్. సంధ్యా గారూ, క్షమించండి.

ముచ్చట్లబుట్ట
గా "దగ్గర" అనే మాట మా ఇంట్ల గూడ ఉన్నదక్కా, కాకపోతే ఉల్టా. మా ఆయన ఇంటికాడికెల్లే పని చేస్తడు, నేను బస్సుల పోయొస్త. ఇంట్ల ఉన్నడు గదా అని బట్టలు, గ్యాసు, పిల్లగాని హోంవర్కు, ఎవలొచ్చి తలుపు కొట్టినా తీసుడు అన్నీ ఆయన మీదనే పడ్డయి. ఓ రోజు నేనొచ్చేసరికి "నేను ఖాళీగున్ననా నీ కంటికి" అని కండ్లల్ల నీళ్ళు వెట్టుకున్నడు. నాకు గప్పుడు సమజైంది. ఆడా మగా అని గాదు, దగ్గరున్నోళ్ళ నెత్తి మీదనే పడ్తది ఏదైనా.

వేపచెట్టు
ముచ్చట్లబుట్టమ్మా, నువ్వు చెప్పింది నిజం. కానీ ఇంటికి దగ్గరగా ఎవరు మిగులుతారన్నది ముందే ఎక్కడో తేలిపోతుంది. నా సంగతి చెప్తాను, కొంచెం పొడుగు.

మా పెళ్ళైన కొత్తల్లో ఇద్దరి ఆఫీసులూ ఊరి నడిమధ్యనే. అద్దె ఇల్లు కూడా అక్కడే. సాయంత్రం ఎవరు ముందొస్తే వాళ్ళు స్టవ్ వెలిగించేవాళ్ళు. బాబు పుట్టాక ఊరి చివర సొంతిల్లు కట్టుకున్నాం. ఆరు నెలలు ఇద్దరం పడీ పడీ తిరిగాం. బాబుకి జ్వరం వచ్చినప్పుడల్లా సెలవు నాది. అప్పటికి ఇద్దరి జీతాలూ ఒకటే, సెలవులూ ఒకటే. అయినా నాదే. ఎందుకని అప్పుడు నేనూ అడగలేదు, ఆయనా అనుకోలేదు. ఏడాది తిరిగేసరికి ఇంటికి పది నిమిషాల దూరంలో చిన్న ఉద్యోగం దొరికింది, జీతం సగానికి తక్కువ. చేరిపోయాను. అందరూ "హాయి కదా" అన్నారు. నిజంగానే హాయిగా ఉంది మొదట్లో. మధ్యాహ్నం ఇంటికొచ్చి బాబుని చూసుకుని వెళ్ళేదాన్ని.

ఆ తర్వాతే అసలు కథ మొదలైంది. నేను దగ్గర కాబట్టి కరెంటు బిల్లు నాది, ప్లంబరు నాది, స్కూలు మీటింగు నాది, అత్తగారి కంటి ఆపరేషన్ నాది. ఇవన్నీ నేనే చూసుకుంటున్నాను కాబట్టి ఆయన నిశ్చింతగా ఇంకా దూరం ఉద్యోగం ఒప్పుకున్నారు. ఆయన జీతం పెరిగింది, నాది పెరగలేదు. పదేళ్ళయ్యాక మళ్ళీ పాత లైనులోకి వెళ్దామని చూస్తే నా పని నేర్చుకున్న పిల్లలు నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదమ్మా, ఇప్పటికీ ఎంతో ప్రేమగా ఉంటారు. కానీ ఒక్కసారి, ఒక్క సాయంత్రం కూర్చుని, ఈ దూరం ఎవరి వాటాకి ఎంత వచ్చిందని మేమిద్దరం లెక్క చూసుకోలేదు. నాకు ఇప్పటికీ బాధ అదే.

మానెయ్యనా అని అడిగావు సంధ్యా. మానొద్దు. దగ్గర ఉద్యోగానికి కూడా తొందరపడి మారొద్దు.

మూడోబోగీ
వేపచెట్టు గారూ, సాండో రాసిందీ ఇదేనండీ. దూరం వెళ్ళేది ఎక్కువగా మగవాళ్ళు, జీతమూ హోదా వాళ్ళకి పెరుగుతాయి. ఇంట్లో మిగిలిన భార్య చదువుకి తగ్గ ఉద్యోగం వదులుకుని దగ్గర్లో ఏదో ఒకటి చూసుకుంటుంది, పిల్లల బాధ్యత మొత్తం ఆమె మీదకి వస్తుంది. ఎక్కడో స్వీడన్ రిజిస్టర్లలో లెక్క, మీరు మీ ఇంట్లో అనుభవించేశారు.

సంధ్యారాగం
వేపచెట్టు అమ్మగారూ, మీ పోస్టు రైల్లో చదివాను. రెండుసార్లు చదివాను. మీరు చెప్పిన వరసలోనే నేనూ సగం దూరం వచ్చేశానని అర్థమైంది.

ఇంకో విషయం ఉంది. రాయాలా వద్దా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నా. ఒకరు ఎక్కడున్నారో ఇంకొకరికి తెలియాలని ఇద్దరం ఫోన్‌లో లొకేషన్ షేర్ చేసుకుంటాం. గొడవ జరిగిన మర్నాడు 7:40కి చూస్తే ఆయన చుక్క మా బిల్డింగ్ మీదే ఉంది. వచ్చేశారని తలుపు గడియ తీసి పెట్టాను. రాలేదు. 8:05కి బెల్ కొట్టారు. అడగలేదు నేను. తర్వాత పాత రోజులవి వెనక్కి జరిపి చూశాను. వారంలో నాలుగు రోజులు ఇంతే. కింద పార్కింగ్‌లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. పైన నేను ఒక చేత్తో కుక్కర్, ఒక చేత్తో పాప స్నానం. ఆయన కింద కారులో కూర్చున్నారు.

మా దగ్గరికి రావడానికి ఆయనకి అంత కష్టంగా ఉందా?

కిటికీసీటు
అయ్యో.

రాత్రిపూలు
అడగండి. ఊహించుకోకండి. మీరు రాత్రంతా ఊహించుకునేదానికంటే నిజం చిన్నదే అయ్యుంటుంది.

మూడోబోగీ
నాకైతే చదువుతుంటేనే ఒళ్ళు మండిపోయింది. ఫ్లైఓవర్ మీద ఇరుక్కోవడం వేరు, ఇంటి కిందకి వచ్చి కూర్చోవడం వేరు.

స్టీరింగ్‌వెనక
ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇది మాత్రం రాయాలి, ఎందుకంటే ఆ పని నేనూ చేస్తాను. రెండేళ్ళుగా.

బండి ఆపేశాక కూడా అరచేతుల్లో స్టీరింగ్ అదురు కాసేపు అలాగే ఉంటుంది. ఎవడో అడ్డం వచ్చినప్పుడు నోట్లో వచ్చిన తిట్టు ఇంకా నోట్లోనే ఉంటుంది. ఆఫీసులో మధ్యలో ఆపేసి వచ్చిన మెయిలు తలలో తిరుగుతూ ఉంటుంది. తలుపు తీయగానే మా బాబు వచ్చి రెండు కాళ్ళకీ చుట్టుకుంటాడు. ఒకరోజు దిగీ దిగగానే పైకి వెళ్ళాను. హాల్లో వాడి బొమ్మల బండి కాలికి తగిలింది. నేను అరిచిన అరుపుకి వాడు గోడకి అతుక్కుపోయాడు. మూడేళ్ళవాడు. ఆ మొహం నేను మర్చిపోలేదు. ఆ మర్నాటి నుంచి కిందే కూర్చుంటున్నా. పాటలు వినను, ఫోన్ చూడను. ఊరికే కూర్చుంటా, ఊపిరి మామూలుగా అయ్యేదాకా.

మీవారి సంగతి నాకు తెలీదు. నా మటుకు నేను ఇంటికి దూరంగా ఉండాలని కూర్చోలేదు, ఇంటికి మనిషిలా వెళ్ళాలని కూర్చున్నాను.

బాటసారి
నేను రాద్దామనుకున్నది మీరు రాసేశారు.

మూడోబోగీ
స్టీరింగ్‌వెనక గారూ, నిజాయితీగా రాశారు, చదివి నా కోపం సగం దిగింది. మిగతా సగం అడుగుతాను. మీరు ఇరవై నిమిషాలు తీసుకున్నారు. మీ ఆవిడకి ఆ ఇరవై నిమిషాలు ఎవరిచ్చారు? ఆవిడ కూడా ఎక్కడి నుంచో పరిగెత్తుకుంటూనే వచ్చుంటుంది కదా. రైలు దిగి, బస్సెక్కి, డేకేర్ గేటు దగ్గర ఊపిరి పీల్చుకోకుండా పాప చెయ్యి పట్టుకునే మనిషికి పార్కింగ్ ఎక్కడుంది? హాక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1989లోనే దీనికి రెండో షిఫ్టు అని పేరు పెట్టింది. మొదటి షిఫ్టుకీ రెండో షిఫ్టుకీ మధ్య విరామం ఎవరికి దొరుకుతుందో చూస్తే ఏ ఇంటి సంగతి ఏమిటో తెలిసిపోతుంది.

స్టీరింగ్‌వెనక
దీనికి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడకి నేను కింద కూర్చుంటానని కూడా తెలీదు. ఇవాళ చెప్తాను.

ముచ్చట్లబుట్ట
చెప్పేటప్పుడు నిలవడి చెప్పు అన్నా, చేతికి అందేంత దగ్గర మాత్రం ఉండకు 😄

రాత్రిపూలు
మా ఇంట్లో ఏం చేశామో చెప్తా, పనికొస్తే తీసుకోండి. మావారు పొద్దున ఆరుకే బయల్దేరతారు, రోడ్డు ఖాళీ, అరగంట కలిసొస్తుంది. ఏడింటికల్లా ఆఫీసులో ఉండి నాలుగుకి లేస్తారు. సాయంత్రం బడి నుంచి పిల్లల్ని తేవడం ఆయనది. పొద్దున లేపి తయారుచేసి పంపడం నాది, నేను పదింటికి వెళ్ళి ఏడింటికొస్తాను. ముందు వాళ్ళ మేనేజర్ ఒప్పుకోలేదు. ఒక నెల చూడండి అని అడిగితే సరే అన్నాడు, ఆ నెల రెండేళ్ళు అయింది. నష్టం లేదని కాదు. వారంలో ఐదు రోజులు పొద్దున నేనూ ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకోం. రాత్రి తొమ్మిదిన్నరకే ఆయనకి కళ్ళు మూతలు పడతాయి.

లెక్కలమాస్టారు
వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పని అడిగే వీలుంటే అదీ చూడండి. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త బృందం ట్రిప్.కామ్ అనే చైనా ట్రావెల్ కంపెనీలో 1612 మంది మీద చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవాళ్ళలో ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు, పనితీరులో గానీ ప్రమోషన్లలో గానీ తేడా రాలేదు. ఎక్కువ మేలు జరిగింది ఆడవాళ్ళకి, దూరం నుంచి వచ్చేవాళ్ళకి. మేనేజర్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళేకంటే ఇది పట్టుకెళ్తే నయం.

కానీ ఒక్క మాట. ముచ్చట్లబుట్ట గారి ఇంట్లో జరిగింది గుర్తుపెట్టుకోండి. ఇంటి నుంచి పనిచేసే రోజులు మీకే వస్తే మీరు ఇంకా "దగ్గర" అయిపోతారు. ఆ రెండు రోజులూ ఆయనకి రావాలి.

వేపచెట్టు
మాస్టారూ, ఈ చివరి ముక్క నా ముప్పై ఏళ్ళ వయసులో ఎవరైనా చెప్పి ఉంటే!

సంధ్యారాగం
నాలుగు రోజులు రాలేదు. మీరందరూ అడుగుతూనే ఉన్నారు, చూశాను.

గురువారం 7:35కి ఆయన చుక్క కిందకి వచ్చింది. స్టవ్ ఆపేశాను. పాపని ఎదురింటి పిన్నిగారికి ఒక్క పది నిమిషాలని అప్పగించి లిఫ్టు దిగాను. కారులో లైటు లేదు. ఆయన సీటు వెనక్కి వాల్చి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఉన్న గోడని చూస్తున్నారు. నేను అవతలి తలుపు అద్దం మీద తడితే ఉలిక్కిపడ్డారు. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఆ మొహం. తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాను. పాప పుట్టాక ఆ సీట్లో నేను కూర్చోవడం చాలా తక్కువ, వెనక పాపతోనే కూర్చుంటాను. సీటు ముందుకి జరిపి ఉంది, పైన ఆయన లాప్‌టాప్ బ్యాగు. తీసి కింద పెట్టాను.

చాలాసేపు ఇద్దరం ఏమీ అనలేదు. తర్వాత "రోజూ ఇక్కడే ఉంటావా" అన్నాను. "పైకి రాగానే నువ్వు ఇవాళ ఏం జరిగిందో చెప్తావు. వినే ఓపిక లేని మొహం పెట్టుకుని నీ ముందు నిలబడాలంటే సిగ్గుగా ఉంటుంది" అన్నారు. స్టీరింగ్‌వెనక గారూ, ఇంచుమించు మీ మాటలే. మూడోబోగీ గారు మిమ్మల్ని అడిగిన ప్రశ్న నేను అక్కడే అడిగాను. "నా పార్కింగ్ ఎక్కడుంది?" అని. ఆయన నవ్వలేదు. తల దించుకుని "లేదు" అన్నారు. ఈ మూడేళ్ళలో నా కష్టం గురించి ఆయన నోటి నుంచి వచ్చిన అన్నింటికంటే పెద్ద మాట నాకు అదే.

పది నిమిషాలని వెళ్ళి యాభై నిమిషాలు కూర్చున్నాం. పిన్నిగారు పాపకి భోజనం కూడా పెట్టేశారు. ఆయన వాళ్ళ మేనేజర్‌ని రెండు రోజులు ఇంటి నుంచి పని అడుగుతానన్నారు. ఆ రెండు రోజులూ డేకేర్ ఆయనది. నేను పిలవను, గుర్తు చెయ్యను, ఫోన్‌లో చుక్క చూడను.

ఇల్లు అమ్మే మాట మీద మాత్రం తేలలేదు. నేను అమ్మేద్దామంటున్నా, ఆయన వద్దంటున్నారు.

బాటసారి
పక్క సీటు ఖాళీగా లేకుండా చూసుకోండి ఇకమీదట.

కొత్తకాపురం
మాస్టారు చెప్పినట్టు సోమవారం వెళ్ళొచ్చాం. నాకు గంటా పది. మా ఆవిడకి రెండు బస్సులు మారి గంటా యాభై. బిల్డర్ తమ్ముడు మాకు చెప్పింది 35 నిమిషాలు. టోకెన్ ఇవ్వలేదు. ఆఫీసులకి దగ్గర్లో రెండు గదుల పాత ఫ్లాటు చూస్తున్నాం. మా నాన్నగారికి కోపంగా ఉంది, సొంత గది లేని ఇంటికి నేనెలా వస్తానంటున్నారు. ఆయన బాధా నిజమే. దానికేం చెయ్యాలో తెలీడం లేదు.

స్టీరింగ్‌వెనక
నేనూ చెప్పాను. మా ఆవిడ వెంటనే ఏమీ అనలేదు. మర్నాడు నేను పైకి వెళ్ళగానే బాబుని నాకిచ్చి, చెప్పులేసుకుని "ఇరవై నిమిషాల్లో వస్తా" అని కిందకి వెళ్ళింది. ఇప్పుడు రోజూ వెళ్తోంది. ఎక్కడికని అడగను.

మూడోబోగీ
ఆవిడకి నా నమస్కారం చెప్పండి.

సంధ్యారాగం
మూడు వారాలైంది. ఏమైందో చెప్పాలి కదా.

ఆయన రెండు రోజులు అడిగితే ఒకటే ఇచ్చారు, గురువారం. అది కూడా ప్రస్తుతానికి అన్నారట. మొదటి గురువారం నేను ఆఫీసులో 5:30 మీటింగులో ఉన్నాను. ఆ టైమ్‌లో ఆ గదిలో కూర్చోవడమే కొత్తగా ఉంది. 6:05కి డేకేర్ నుంచి ఫోన్. గుండె ఆగినంత పనైంది. "మేడమ్, పాప కోసం ఎవరో ఒకాయన వచ్చారు, నాన్నని అంటున్నారు, పంపమంటారా?" అని. పిల్లల్ని ఎవరు తీసుకెళ్ళొచ్చో అక్కడ ఒక ఫారం ఉంటుంది. అందులో నా పేరు, అత్యవసరానికి ఎదురింటి పిన్నిగారి పేరు ఉన్నాయి. ఆయన పేరు లేదు. రెండేళ్ళుగా వెళ్తోంది పాప అక్కడికి. ఆయన చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. ఆయా ఆయన మొహం గుర్తుపట్టలేదు.

పాప లోపలి నుంచి "మా నాన్నే" అని అరుస్తుంటే కూడా గేటు బయటే నిలబెట్టారట ఐదు నిమిషాలు. వాళ్ళు చేసింది సరైన పనే. తర్వాత ఆయన అక్కడే ఫారం అడిగి తీసుకుని పేరు, నంబరు రాసి సంతకం పెట్టి వచ్చారు. ఇంటికొచ్చాక ఆ సంగతి నాకు చెప్తూ మధ్యలో ఆగిపోయారు.

మీటింగు ఏడింటికి అయింది. ఫోన్ చూసుకుంటే ఆయన పంపిన ఫోటో ఉంది. పాప హాల్లో నేలమీద బోర్లా పడుకుని బొమ్మలేస్తోంది. బ్యాగు సోఫా మీద తెరిచి పడి ఉంది, చెప్పులు ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ.

టీమ్ లీడ్ మళ్ళీ ఖాళీ వస్తే నా పేరు రాసుకోమని మా మేనేజర్‌కి చెప్పాను.

కిటికీసీటు
బ్యాగు తీసేసింది!

వేపచెట్టు
మిగతా నాలుగు రోజుల సంగతేంటి తల్లీ?

సంధ్యారాగం
ఇంకా నావే అమ్మగారూ. పొద్దున ఏడుకే వెళ్ళి నాలుగున్నరకి లేవడం గురించి వాళ్ళ ఆఫీసులో అడుగుతున్నారు, రాత్రిపూలు గారి పద్ధతి. వచ్చే నెల మొదటి ఆదివారం పాప నిద్రపోయాక మళ్ళీ కారులో కూర్చోవాలనుకున్నాం.